లిఫ్టులో ఇచ్చిన మాట

మా పిన్ని నా ఆఫీసుకు ఎప్పుడొచ్చినా ముందు కిటికీ తెరల వంక చూసి మొహం చిట్లిస్తుంది. అవి ఆవిడ కుట్టినవి కావు. నాకంటే ముందు ఆ గదిలో ఉన్న పళ్ళ డాక్టరు వదిలేసి వెళ్ళినవి. ఆ రోజు మాత్రం తెరలను పట్టించుకోలేదు. లోపలికి వచ్చి, తలుపు వేసి, మెడలో వేలాడే కొలతల టేపును చేతికి చుట్టుకుంటూ కూర్చుంది.

“ఏమే, ఒక మాట అడుగుతాను. పిన్నిని అనుకోకు, క్లయింటుని అనుకో.”

“అడుగు.”

“ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి మీ చట్టంలో దారేదైనా ఉందా?”

“ఎవరికిచ్చావు? ఏమని?”

“తాళాలాయనకి. పెళ్ళి చేసుకుంటానని.”

క్లయింటు ఏం చెప్పినా లాయరు మొహంలో ఏమీ కనబడకూడదని మా సీనియర్ గారు నాకు నేర్పారు. ఆ విద్య ఆ రోజు అక్కరకు రాలేదు.

“నువ్వా!” అన్నాను.

“అందుకే చెప్పాను, పిన్నిని అనుకోవద్దని.”

మా పిన్నికి యాభై దాటాయి. పెళ్ళి వద్దని ఎన్నడూ అనలేదు, కావాలనీ అనలేదు. తెరలు కుట్టే దుకాణం పెట్టాక ఊళ్ళోని కిటికీలన్నీ ఆవిడకు చుట్టాలైపోయాయి. మనుషులను కూడా కిటికీలతోనే గుర్తుపెట్టుకుంటుంది. “ఆ మూడు రెక్కల కిటికీ వాళ్ళ కోడలు” అంటుంది. తాళాలాయనది అదే వీధిలో, ఆవిడ దుకాణానికి కాస్త అవతల, తాళాలు బాగుచేసే కొట్టు. పెద్ద మనిషి, పెద్ద చేతులు, చిన్న గొంతు. ఆయనా పెళ్ళి చేసుకోలేదు. వీళ్ళిద్దరి మధ్యా ఉన్న పరిచయమల్లా వీధిలో ఎదురైతే తలాడించుకోవడం. అలాంటిది పెళ్ళి దాకా ఎలా వచ్చిందో పిన్ని చెబుతుంటే నేను కలం మూత పెట్టేసి విన్నాను.

పిన్ని ఒక మేడలో ఆరో అంతస్తు వాళ్ళకు తెరలు ఇవ్వడానికి వెళ్ళింది. లిఫ్టు మూడో అంతస్తు దాటీ దాటకముందే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. తెరల మూట బరువని లిఫ్టు ఎక్కింది గానీ పిన్నికి ఇరుకు గదులంటే భయం. చీర కొనడానికి వెళ్ళినా దుకాణం తలుపు దగ్గరే నిలబడి ఎంచుకుంటుంది. లిఫ్టు కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తామన్నారు గానీ ఎప్పుడో చెప్పలేదు. తాళాలాయన అప్పుడు రెండో అంతస్తులో ఎవరిదో తలుపుకు తాళం మారుస్తున్నాడు. మేడ సెక్రటరీ గారు పరుగున వెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

లోపల పిన్ని అప్పటికే సగం పోయింది.

“నాకు ఊపిరాడటం లేదు! నేను పోతున్నాను!”

“పోరండీ. పైన గాలి రంధ్రాలున్నాయి,” అన్నాడు తాళాలాయన, తలుపు సందులో ఇనుప పట్టీ దూరుస్తూ.

“మీకేం తెలుసు? లోపలున్నది నేను! కళ్ళు తిరుగుతున్నాయి. ఏమండీ! ఉన్నారా? ఏమండీ!”

“ఉన్నానండీ. ఒకటి అడగనా?”

“ఏమిటి?”

“నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

మెట్ల మీద గుమిగూడిన జనం నోళ్ళు తెరిచారు. ఆ తరువాత లిఫ్టు దద్దరిల్లింది.

“ఏమిటీ! ఇదా సమయం? మనిషి చస్తుంటే పెళ్ళి గోలా? మీకసలు బుద్ధుందా?”

“ఉందండీ. చేసుకుంటారా, లేదా?”

“చేసుకుంటాను మహానుభావా, చేసుకుంటాను! ముందు ఆ తలుపు తియ్యండి!”

తలుపు తెరుచుకుంది. పిన్ని చెదిరిన జుట్టుతో, తెరల మూటను పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని బయటికి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు. సెక్రటరీ గారు తాళాలాయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, “మా మేడకు ఇంత శుభం ఎన్నడూ జరగలేదు!” అన్నారు. ఆయన రిటైరయినప్పటి నుంచి నీళ్ళ మోటారు, మెట్ల బల్బులు, పార్కింగు తగాదాలు తప్ప మరో లోకం ఎరగని మనిషి. మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద, నీళ్ళ ట్యాంకు కడిగే తేదీకి పైన, కాబోయే దంపతులకు మేడ వాసుల అభినందనలు వేలాడాయి. సాయంత్రానికి వీధంతా తెలిసింది. పిన్ని దుకాణానికి వచ్చినవాళ్ళు తెరల రంగు అడగడం మాని పెళ్ళెప్పుడని అడగసాగారు.

“మరి నువ్వేమన్నావు?”

“నవ్వాను. ఏమంటాను? నలుగురి ముందూ నోరారా అన్నాను కదే, చేసుకుంటానని. ఒకసారి కాదు, రెండుసార్లు.”

“ఆయనేమన్నాడు?”

“ఏమీ అనలేదు. ఒకరోజు వచ్చాడు. వచ్చి, అడక్కుండానే మా దుకాణం షట్టరు బాగుచేసి, నూనె వేసి వెళ్ళాడు. అప్పుడే భర్త లక్షణాలన్నీ చూపిస్తున్నాడు. పైగా మొన్న వడ్రంగి కనబడి, ‘మీ ఇద్దరికీ మంచం చేస్తున్నానమ్మా, గట్టి కర్ర’ అన్నాడు. నాకు రాత్రి అన్నం సయించలేదు.”

నేను పుస్తకాల బీరువా వైపు ఒకసారి చూసుకుని గొంతు సవరించుకున్నాను.

“చూడు పిన్నీ. మాట ఇచ్చేటప్పుడు మనసు స్వేచ్ఛగా ఉండాలి. భయంలో, బలవంతంలో ఇచ్చిన మాట చెల్లదు. అది అలా ఉంచు. నువ్వు తీరిగ్గా కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ ఇచ్చినా సరే, పెళ్ళి చేసుకుంటానన్న మాట పట్టుకుని ‘చేసుకుని తీరాల్సిందే’ అని తీర్పిచ్చే కోర్టు లేదు. ఇల్లు అమ్ముతానని ఒప్పందం రాసిస్తే కోర్టు నీ చేత అమ్మిస్తుంది. కాపురం మాత్రం చేయించదు.”

పిన్ని మొహం వెలిగింది. వెంటనే ముడుచుకుంది.

“అంటే మాటకి విలువే లేదా? ఇంత చదువు చదివి మీరు తేల్చింది ఇదా?”

“లేదని కాదు. నీ మాట నమ్ముకుని ఆయన ఏదైనా ఖర్చు చేసి ఉంటే ఆ నష్టం అడగొచ్చు. కానుకలిచ్చి ఉంటే తిరిగి ఇమ్మనొచ్చు.”

“మంచం,” అంది పిన్ని నీరసంగా.

“మంచం అడగొచ్చు. నిన్ను అడగలేడు. వెళ్ళి మొహాన చెప్పెయ్యి.”

“ఎలా చెప్పనే? తలుపు తెరుచుకోగానే నాకు ముందు కనబడింది ఆ మొహమే. లోకమంతా మళ్ళీ దొరికినట్టనిపించింది. ఆ మొహం పట్టుకుని వద్దని ఎలా అంటాను? నువ్వే పిలిపించు. లాయరు నోటితో అయితే మర్యాదగా ఉంటుంది.”

సరేనని ఫోన్ చేశాను. ఆయన “వస్తానండీ” అన్నాడు, ఇంకేమీ అడగలేదు. చెప్పిన వేళకే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. వెనకాలే ఎవరూ పిలవని సెక్రటరీ గారు చంకలో ఫైలుతో వచ్చారు.

“నేను ప్రత్యక్ష సాక్షిని,” అన్నారాయన, అందరికంటే మంచి కుర్చీ చూసుకుని కూర్చుంటూ. “పైగా మాట ఇచ్చిన చోటు లిఫ్టు. లిఫ్టు అందరి ఉమ్మడి సొత్తు. కాబట్టి ఆ మాటలో మా సంఘానికీ భాగముంది.”

“ఉమ్మడి సొత్తులో ఇచ్చినంత మాత్రాన మాట ఉమ్మడిది కాదండీ,” అన్నాను.

“పోనీ, ఇంకొకటి. ఆవిడ ‘ఏమండీ’ అని పిలిచింది. ఒకసారి కాదు. నా చెవులతో విన్నాను. పరాయివాణ్ణి ఎవరైనా అలా పిలుస్తారా?”

“నేను బస్సు కండక్టరునీ అలాగే పిలుస్తాను. ఇప్పుడు మిమ్మల్ని కూడా పిలుస్తున్నాను. ఏమండీ, కాసేపు ఊరుకుంటారా?” అన్నాను.

ఆయన ఊరుకున్నారు. పిన్ని గోడ వారగా కూర్చుని తన పాదాలనే చూసుకుంటోంది. తాళాలాయన కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నా బీరువా తాళం వంక దిగులుగా చూస్తున్నాడు. నేను పిన్నికి చెప్పిందంతా ఆయనకూ మెల్లగా చెప్పాను. ఆ రోజు ఆవిడ భయంలో ఉందనీ, అలాంటి మాటకు చట్టంలో బలం లేదనీ, ఆయన మనసు కష్టపెట్టుకోవద్దనీ అన్నాను.

ఆయన చిన్నగా నిట్టూర్చాడు. బాధతో కాదు. బరువైన సంచీ కింద పెట్టిన మనిషిలా నిట్టూర్చాడు.

“నేనూ అదే చెబుదామనుకుంటున్నానండీ ఇన్నాళ్ళూ. నేను ఆ మాట పెళ్ళి కోసం అడగలేదు.”

“మరి?”

“లోపల చిక్కుకున్నవాళ్ళు భయపడితే కళ్ళు తిరిగి పడిపోతారండీ. కోపమొస్తే పడిపోరు. అందుకని కోపం తెప్పిస్తుంటాను. ఓసారి స్నానాల గదిలో ఇరుక్కున్న హెడ్మాస్టరు గారితో, మీ బళ్ళో పిల్లలకి ఎక్కాలు రావటగా అన్నాను. తలుపు తీసేదాకా ఆయన ఎక్కాలు చెబుతూనే ఉన్నారు. ఇంకోసారి స్టోరు గదిలో ఇరుక్కున్న వంటాయనతో, మీ కూరలో ఉప్పెక్కువట అన్నాను. నా అవసరం లేకుండా తలుపు ఆయనే తన్ని బయటికొచ్చాడు.”

“మరి ఈవిడతో?”

“ఈవిడ గురించి నాకేం తెలియదండీ. దేనికి కోపమొస్తుందో తోచలేదు. తెరల గురించి ఏదో అందామనుకున్నాను గానీ నోటికి అది వచ్చింది.”

సెక్రటరీ గారు ఫైలు మూసేశారు. పిన్ని పాదాల మీది నుంచి చూపు ఎత్తింది.

“అంటే, నన్ను పెళ్ళి చేసుకోవడమంటే కూరలో ఉప్పెక్కువయిందనడం లాంటిదా?”

“అయ్యో, అది కాదండీ…”

“మరి మంచమెందుకు చేయించారు?”

“మూడుసార్లు చెబుదామని వచ్చానండీ, రెండుసార్లు బయటి నుంచే తిరిగిపోయాను. షట్టరు బాగుచేసిన రోజు కూడా అందుకే వచ్చాను. మీ దుకాణంలో ఎవరో మీకు మిఠాయి పెడుతున్నారు. అప్పుడు ‘ఊరికే అన్నానండీ’ అంటే నలుగురిలో మీ పరువేం కావాలి? అడిగింది నేను. మీరు ఒప్పుకున్నారనుకుంటున్నారు అందరూ. ఇంక తప్పదనుకుని వడ్రంగి దగ్గరికి వెళ్ళాను.”

“తప్పదనుకుని!” పిన్ని లేచి నిలబడింది. నా వైపు తిరిగింది. “ఏమే, కేసు వెయ్యి.”

“ఎవరి మీద?”

“ఈయన మీదే! ఆడదాన్ని పట్టుకుని మేడంతా వినేలా పెళ్ళి చేసుకుంటావా అని అడిగి, ఇప్పుడు ఊరికే అన్నానంటాడా? దీనికి చట్టంలో ఏం శిక్ష ఉందో చూడు.”

“పిన్నీ, గంట క్రితం నువ్వే కదా ఈ మాట వద్దని…”

“అప్పుడు వద్దన్నది నేను. ఇప్పుడు వద్దంటున్నది ఆయన. రెండూ ఒకటేనా?”

చట్టం దృష్టిలో రెండూ ఒకటేనని నచ్చచెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి ఒక కాగితం మీద, ఇరుపక్షాలకూ ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని రెండు వాక్యాలు రాశాను. మంచం ఖర్చు తాను పెట్టుకుంటానని పిన్ని పంతం పట్టింది. “వద్దండీ, పడుకోవడానికి బాగానే ఉంటుంది,” అన్నాడు ఆయన. ఆ మాటకు పిన్నికి మళ్ళీ కోపమొచ్చింది. కలం కాగితంలో దిగబడేలా సంతకం పెట్టింది. ఆయన పొందిగ్గా, చిన్న అక్షరాలతో పెట్టాడు. సాక్షి సంతకం పెడుతూ సెక్రటరీ గారు కళ్ళు తుడుచుకున్నారు. “బోర్డు మీద ఇప్పుడేం రాయను?” అని గుమ్మం దాటుతూ కూడా అడిగారు.

నా వృత్తిలో నేను ఎవరికీ కష్టం కలగకుండా తేల్చిన మొదటి వ్యవహారం ఇదేనని పొంగిపోయాను. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. పిన్ని మారిపోయింది. పువ్వులు తలకిందులుగా వచ్చేలా ఒక ఇంటి తెరలన్నీ కుట్టేసింది. షట్టరు ఇప్పుడు వేలితో తోస్తే లేస్తుంది, అయినా దాన్ని శక్తంతా పెట్టి లాగి ధడేలున కిందికి వేస్తోంది. తాళాలాయన మాటెత్తితే, “ఆయనెవరు?” అంటుంది. నేను మాటెత్తకపోతే, “ఆ మనిషి ఇవాళ కొట్టు తెరవలేదు, ఒంట్లో బాగాలేదేమో, నాకెందుకులే,” అంటుంది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం తాళాలాయన పిన్ని దుకాణం గడపలో వచ్చి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

“ఒక తెర కావాలండీ,” అన్నాడు.

“కొలత?” అంది పిన్ని తలెత్తకుండా.

“నాకు కొలవడం రాదు.”

తాళం చెవిని వెంట్రుక వాసి తేడా లేకుండా అరగదీసే మనిషి ఆ మాటన్నాడు. పిన్ని టేపు మెడలో వేసుకుని, “టేపు రెండో కొస పట్టుకోవడానికి నువ్వూ రా,” అని నన్ను లేవదీసింది.

ఆయన ఉండేది కొట్టు వెనక గదిలో. తలుపు సగమే తెరుచుకుంది. మిగతా సగానికి మంచం అడ్డం. ఆ మంచం గదిలో ఉందనడం కంటే, ఆ గదే మంచం చుట్టూ ఉందనాలి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గట్టి కర్ర. ఆయన బట్టల పెట్టె, స్టవ్వు, గిన్నెలు అన్నీ మంచం కిందికి వెళ్ళిపోయాయి. కిటికీ అవతలి గోడకు ఉంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే మంచమెక్కి దాటాలి, వేరే దారి లేదు.

పిన్ని చెప్పులు విడిచింది. కొంగు బిగించింది. రాజుగారి కోట ఎక్కుతున్నంత హుందాగా మంచమెక్కి, మోకాళ్ళ మీద నడుచుకుంటూ కిటికీ దాకా వెళ్ళి, టేపు పెట్టింది. నేను ఇవతల నుంచి చూస్తూ నిలబడ్డాను. రెండో కొస పట్టుకునే అవసరమే రాలేదు. ఆ కిటికీ అన్నం కంచమంత ఉంది.

“దీనికి తెర ఎందుకండీ? చేతిరుమాలు చాలు.”

“చేతిరుమాలే కుట్టండి.”

పిన్ని వెనక్కి తిరిగింది. పళ్ళ మధ్య పెన్సిలు, మోకాళ్ళ కింద మంచం.

“అసలెందుకు పిలిచారో చెప్పండి.”

ఆయన గడపలో నిలబడి తన పెద్ద చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు గడియ పట్టుకున్నాడు.

“ఆ కాగితం మీద సంతకం పెడితే బరువు దిగుతుందనుకున్నానండీ. దిగలేదు. మునుపు రోజూ ఎవరో ఒకరు ‘ఎప్పుడు, ఎప్పుడు’ అని అడిగేవారు. విసుగనిపించేది. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. నాదేదో పోగొట్టుకున్నట్టుంది. అప్పుడు మీకు కోపం తెప్పించాలని అడిగాను. ఇప్పుడు కోపం రాకుండా ఎలా అడగాలో తెలియడం లేదు.”

పిన్ని పెన్సిలు తీసి టేపు మీద ఏదో గీసింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. బయట పక్క మేడ గోడ తప్ప చూడటానికేమీ లేదు.

“నేను మాటివ్వను,” అంది.

ఆయన మొహం వాడిపోయింది.

“మాటిచ్చినందుకు ఒకసారి పడ్డ పాట్లు చాలు. మళ్ళీ ఇస్తే బోర్డుకెక్కిస్తారు, వడ్రంగికి చెబుతారు. ఏమే లాయరూ, ముందు మాట ఇచ్చుకోకపోతే పెళ్ళి చెల్లదా?”

“చెల్లుతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, వాళ్ళు చెప్పిన రోజున వెళ్ళి సంతకాలు పెడితే చాలు. అప్పటిదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి ఉండక్కర్లేదు.”

“అయితే దరఖాస్తు ఇద్దాం. ఆ రోజు నాకు రావాలనిపిస్తే వస్తాను. మీకు రావాలనిపిస్తే మీరు రండి. అంతే. ఇది మాట కాదు, గుర్తుంచుకోండి.”

“కాదండీ,” అన్నాడు ఆయన, వెలిగిపోతూ.

అక్కడి నుంచి నాకు నిద్ర లేదు. రిజిస్ట్రారు దరఖాస్తు తీసుకుని, నెల గడువు ముగిశాక వచ్చే శుక్రవారం రమ్మన్నాడు. ఈలోగా ఎవరైనా పెళ్ళి కుదిరిందటగా అంటే పిన్ని, “ఏమీ కుదరలేదండీ, శుక్రవారం తీరికుంటే చేసుకుంటాం,” అనేది. తాళాలాయనను అడిగితే, “ఆవిడ వస్తే ఉన్నట్టు,” అనేవాడు. ఇద్దరూ రోజూ సాయంత్రం ఆయన కొట్టు ముందు స్టూళ్ళు వేసుకుని టీ తాగేవారు. వంటిల్లు ఎక్కడుండాలో, ఆయన బూట్లు ఎక్కడ విడవాలో అంతా మాట్లాడుకునేవారు. పెళ్ళి మాట మాత్రం ఎత్తేవారు కాదు. సెక్రటరీ గారు బోర్డు మీద ఏమీ రాయలేక, ఒక ఖాళీ కాగితం అంటించి చోటు ఆపి ఉంచారు.

శుక్రవారం పొద్దున్నే తాళాలాయన రిజిస్ట్రారు ఆఫీసు ముందు నిలబడ్డాడు. సెక్రటరీ గారూ, వడ్రంగీ, నేనూ సాక్షులం. పిన్ని జాడ లేదు. మా ముందు జంటలు ఒక్కొక్కటిగా లోపలికి వెళ్ళి బయటికొస్తున్నాయి. ఆయన చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. నేను ఫోన్ తీస్తే వద్దన్నాడు.

“పిలవకండి. పిలిస్తే బలవంతం కిందికొస్తుందేమో.”

గుమాస్తా మమ్మల్ని రెండోసారి పిలిచేవేళకు పిన్ని వీధి మలుపులో కనబడింది. భుజం మీద దారప్పోగులు, మెడలో టేపు.

“తలకిందుల పువ్వుల వాళ్ళవి విప్పి మళ్ళీ కుట్టేసరికి ఇంతసేపయింది,” అంది, మా మొహాలు చూసి. “ఏం, రాననుకున్నారా?”

అందరం ఒక్కసారే లోపలికి నడిచాం.

రిజిస్ట్రారు కళ్ళద్దాల పైనుంచి చూసి, “ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనే చేసుకుంటున్నారా?” అని అడిగాడు. తాళాలాయన ఆ ప్రశ్న పూర్తి కాకుండానే అవునన్నాడు. పిన్ని గదిలో ఉన్న రెండు కిటికీలనూ, వాటి మురికి తెరలనూ చూసింది, తాళాలాయన్ని చూసింది. సెక్రటరీ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

“ఇష్టంతోనే,” అంది పిన్ని. “బాగా ఆలోచించే చెబుతున్నాను, రాసుకోండి.”

సంతకాలయ్యాయి. సెక్రటరీ గారు ఉత్సాహం పట్టలేక పెళ్ళికూతురి గడిలోకి కూడా తన సంతకం పారించారు. గుమాస్తా సణుక్కుంటూ కాగితం మళ్ళీ రాయించాడు. బయటికొచ్చాక ఆటో పిలుస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు, బస్సు అక్కడే ఆగుతుందంది. బస్సు కిటకిటలాడుతోంది. ఆవిడకు ముందువైపు ఒక సీటు దొరికింది. ఆయన ఎక్కడో వెనక, జనం మధ్యలో నిలబడ్డాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను. బస్సు కదిలింది. పిన్ని సీట్లోంచి సగం లేచి, వెనక్కి తిరిగి, ఆయన ఎక్కాడో లేదో చూసుకుని, మళ్ళీ కూర్చుంది.